సమన్లు అందని ప్రతివాది: బెంగళూరు దావాల్లో చిక్కంతా ఎక్కడ?

సివిల్ దావా వేసేటప్పుడు వాది దృష్టంతా ఆధారాల మీదే ఉంటుంది. ప్రామిసరీ నోటు ఉందా, అగ్రిమెంటు మీద సంతకం సరిగా ఉందా, సాక్షి చివరిదాకా నిలబడతాడా అని చూసుకుంటారు. ప్రతివాది చిరునామా దగ్గరికి వచ్చేసరికి పాత ఆధార్ జిరాక్సులో ఉన్నది దించేసి ప్లెయింట్ (దావా పత్రం) దాఖలు చేస్తారు. దావాకు నంబరు పడుతుంది, సమన్లు వెళ్తాయి, మొదటి వాయిదాకు కవరు తిరిగొస్తుంది. టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

బెంగళూరు తెలుగువాళ్ల విషయంలో ఈ తలనొప్పి మరీ ఎక్కువ. ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో. 11 నెలల అగ్రిమెంటు మీద ఇల్లు ఈ ఏడు మారతహళ్లిలో, వచ్చే ఏడు బెళ్లందూరులో. ఆధార్‌లో ఉన్నది కడప జిల్లాలో అమ్మానాన్నల ఇల్లు. బ్యాంకు ఖాతాలో ఉన్నది ఎప్పుడో వదిలేసిన పీజీ హాస్టల్. ఇలాంటి మనిషి దాక్కున్నాడని అనలేం, ఇల్లు మారాడంతే. కావాలని తప్పించుకు తిరిగేవాడి కవరూ, ఊరికే ఇల్లు మారినవాడి కవరూ కోర్టుకు ఒకేలా తిరిగొస్తాయి. చట్టం ఇంత చాదస్తంగా కనిపించేది ఆ రెండోవాడి కోసం. తన మీద కేసుందని తెలియని మనిషి ఆస్తిని డిక్రీతో (కోర్టు తీర్పు ఉత్తర్వుతో) లాగేసుకోకూడదు కదా.

అందుకే ‘వాణ్ని ఎలా పట్టుకోవాలి’ అని ఆలోచించే వాది సగం పనే చేస్తున్నట్టు. రెండు మూడేళ్ల తర్వాత ప్రతివాది కోర్టుకొచ్చి ‘నాకేమీ తెలియదు’ అని అఫిడవిట్ వేస్తే, దానికి జవాబు చెప్పగలిగే కాగితాలు ఫైలులో ఉన్నాయా లేదా అన్నదే మిగతా సగం. డిక్రీ నిలబడేదీ పడిపోయేదీ అక్కడే.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 27వ సెక్షన్ ప్రకారం దావా వేసిన 30 రోజుల్లోపు సమన్లు పంపాలి. ఎలా పంపాలో అదే కోడ్‌లోని ఆర్డర్ 5 చెబుతుంది. కోర్టు అమీనా (సమన్లు అందించే ఉద్యోగి) చేతికిచ్చి పంపవచ్చు. రిజిస్టర్డ్ పోస్టు, స్పీడ్ పోస్టు, కోర్టు ఆమోదించిన కొరియర్, ఈమెయిల్ కూడా వాడవచ్చు. రూల్ 9ఎ కింద కోర్టు అనుమతితో వాదే తీసుకెళ్లి ఇవ్వవచ్చు. దీన్నే కోర్టుల్లో ‘దస్తీ’ అంటారు. ప్లెయింట్ నకలు జతచేయని సమన్లు సమన్లే కావు. ఇవన్నీ జరగాలంటే ముందు బత్తా (సమన్లు పంపే ఖర్చు) కట్టాలి. బత్తా కట్టక సమన్లు వెళ్లకపోతే ఆర్డర్ 9 రూల్ 2 కింద దావానే కొట్టేయవచ్చు. సమన్లు తిరిగొచ్చాక ఏడు రోజుల్లోపు కొత్త సమన్లకు దరఖాస్తు చేయకపోయినా రూల్ 5 కింద అదే గతి. కొన్ని మినహాయింపులు ఉన్నా, ప్రతివాది దొరకలేదన్న నెపంతో వాది చేతులు కట్టుకుని కూర్చుంటే నష్టపోయేది వాదే.

తిరిగొచ్చిన కవరు మీద పోస్ట్‌మ్యాన్ ఏం రాశాడన్నది చాలామంది పట్టించుకోరు. కేసు మలుపు తిరిగేది తరచూ ఆ రెండు ముక్కల దగ్గరే. ‘రెఫ్యూజ్డ్’ అని ఉంటే వాది పని సులువైనట్టే. తీసుకోనన్నాడని పోస్ట్‌మ్యానో కోర్టు అమీనానో రాస్తే, సమన్లు అందినట్టే ప్రకటించమని ఆర్డర్ 5 రూల్ 9 కోర్టుకు చెబుతోంది. సరైన చిరునామాకు, సరిపడా చార్జీ కట్టి పంపిన రిజిస్టర్డ్ కవరుకు 30 రోజుల్లో రసీదు తిరిగి రాకపోయినా అలాగే ప్రకటించవచ్చు. ‘అన్‌క్లెయిమ్డ్’ అన్నది ఇంత బలమైనది కాదు. చిరునామా సరైనదే అయితే జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ కింద అందినట్టు భావించే వీలుంది, కాకపోతే ప్రతివాది దాన్ని ఖండించవచ్చు. ‘డోర్ లాక్డ్’ అంటే ఇంకోసారి ప్రయత్నించాల్సిందే. ‘లెఫ్ట్’ అని ఉన్న కవరు మాత్రం వాదికే ఎదురు తిరుగుతుంది. ఆ ఇంట్లో ప్రతివాది లేడని తెలిసీ అదే చిరునామాకు మళ్లీ మళ్లీ పంపారని రేపు అవతలి లాయరు చూపించేది ఆ కవరునే. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. ఏ సేవ వాడినా అందినట్టు రుజువు కోరుతూ పంపి, ట్రాకింగ్ ప్రింటు వెంటనే తీసి ఫైలులో పెట్టుకోవడం మంచిది. ఆన్‌లైన్ ట్రాకింగ్ వివరాలు ఏళ్ల తరబడి దొరుకుతాయని నమ్ముకోలేం.

ఇక అమీనా వెళ్లే దారి. ప్రతివాది ఇంట్లో లేడు, తగిన సమయంలో వచ్చే సూచనా లేదు, సమన్లు తీసుకునే ఏజెంటూ లేడు. అలాంటప్పుడు అతనితో కలిసి ఉంటున్న పెద్దవాళ్లెవరికైనా ఇవ్వవచ్చని రూల్ 15 అంటోంది. ఆడవాళ్లకైనా సరే, మగవాళ్లకైనా సరే. పనిమనిషి మాత్రం కుటుంబ సభ్యురాలు కాదని అదే రూలు విడిగా చెప్పింది. అదీ కుదరకపోతే రూల్ 17 కింద ఇంటి వీధి తలుపు మీదో, బాగా కనిపించే చోటో అంటించాలి. అంటించి వచ్చేస్తే చాలదు. ఏ పరిస్థితుల్లో అంటించాడో, ఇల్లు చూపించినవాళ్లెవరో, ఎవరి ఎదుట అంటించాడో పేరూ చిరునామాతో రిపోర్టులో రాయాలి. ఆ రిపోర్టుకు అఫిడవిట్ లేకపోతే కోర్టు అమీనాను ప్రమాణం చేయించి విచారించాలని రూల్ 19 అంటోంది. రద్దీ కోర్టుల్లో ఈ విచారణను ఎగ్గొట్టేస్తుంటారు. వాది లాయరు కూడా పోనీలే, వాయిదా గడిచిందని ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడం ఖరీదు తర్వాత తెలుస్తుంది.

బెంగళూరు అపార్టుమెంట్లలో రూల్ 17 అమలు చేయడం ఒక ప్రహసనం. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపుతాడు, యాప్‌లో ఫ్లాటుకు రిక్వెస్టు పంపుతాడు, లోపలివాళ్లు ‘డినై’ నొక్కుతారు, అమీనా వెనక్కి తిరుగుతాడు. కొందరు అమీనాలు గేటు పక్కన అంటించి ‘అఫిక్స్ చేశాను’ అని రాసేస్తారు. చట్టం అడిగింది ప్రతివాది నివసించే ఇంటి తలుపు. ఎనిమిది వందల ఫ్లాట్లున్న కాంప్లెక్సు మెయిన్ గేటు అతని ఇంటి తలుపు ఎలా అవుతుంది? సెక్యూరిటీ గార్డు అతని కుటుంబ సభ్యుడూ కాదు, ఏజెంటూ కాదు. వాది తరఫు గుమాస్తా అమీనాతో పాటు వెళ్లి, టవరు, అంతస్తు, ఫ్లాటు నంబరు స్పష్టంగా చూపించాలి. లోపలికి రానివ్వకపోతే ఆ సంగతే రిపోర్టులో రాయించాలి. అవసరమైతే పోలీసు సాయం ఇప్పించమని కోర్టును అడగవచ్చు. ఈ-కోర్టుల ప్రాజెక్టులో భాగంగా తెచ్చిన ఎన్‌స్టెప్ వ్యవస్థలో అమీనా ఎక్కడికి వెళ్లాడో జీపీఎస్‌తో నమోదు చేసే వీలుంది. కుర్చీలో కూర్చుని రాసే రిపోర్టులకు ఇది కొంత విరుగుడు. అయితే గేటు దాటాడా లేదా అన్నది జీపీఎస్ కూడా తేల్చలేదు.

పీజీ హాస్టళ్ల కేసులు వేరు రకం. నగరంలో పీజీలు నడిపేవాళ్లలో రాయలసీమ, నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. బిల్డింగ్ లీజుకు తీసుకున్నాయన అద్దె బాకీ పడ్డాడనుకుందాం. ఆయన నెల్లూరులో ఉంటాడు, ఇక్కడ రోజూ వ్యవహారం చూసేది మేనేజరు. బిల్డింగ్ ఓనరు బెంగళూరులో దావా వేసి సమన్లన్నీ నెల్లూరుకే పంపుతూ ఏడాది గడిపేస్తుంటాడు. నిజానికి వ్యాపారానికి సంబంధించిన దావాలో, కోర్టు పరిధికి బయట ఉన్న ప్రతివాది తరఫున పరిధి లోపల స్వయంగా ఆ వ్యాపారం నడిపే మేనేజరుకు ఇస్తే చాలని రూల్ 13 చెబుతోంది. సమన్లు ఇచ్చే నాటికి ఆ మేనేజరు ఆ పని చూస్తూ ఉండాలి, అంతే. పీజీ బోర్డు మారకముందే ఈ పని చేయాలి.

ప్రతివాది నిజంగానే సొంతూరు వెళ్లిపోయి ఉంటే సమన్లు ఆ ఊరి కోర్టు ద్వారా వెళ్తాయి. బెంగళూరు సిటీ సివిల్ కోర్టు నుంచి అనంతపురమో చిత్తూరో కోర్టుకు పంపితే, అక్కడి అమీనా తెలుగులో రిపోర్టు రాస్తాడు. దానికి ఇంగ్లిషు లేదా హిందీ అనువాదం జోడించి వెనక్కి పంపాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 28వ సెక్షన్ అంటోంది. రెండు కోర్టులు, రెండు భాషలు, మధ్యలో తపాలా. వేసవి సెలవులు అడ్డొస్తే ఒక్క సమన్ల మీదే వాయిదాలు జారిపోతాయి. కోర్టు అనుమతిస్తే స్పీడ్ పోస్టో కొరియరో నేరుగా ఆ చిరునామాకు పంపే దారి రూల్ 9లోనే ఉంది. రెండూ ఒకేసారి అడగడం తెలివైన పని.

తూర్పు బెంగళూరులో వర్తూరు, మహదేవపుర, కృష్ణరాజపురం వైపు తరాలుగా ఉంటున్న తెలుగు మాట్లాడే రైతు కుటుంబాల్లో భాగ పంపకాల దావాలది మరో కథ. భూమి ధర పెరిగాక పాతిక మంది వారసుల పేర్లతో దావా పడుతుంది. అక్కచెల్లెళ్లలో ఒకరు హోసూరుకు, ఒకరు మదనపల్లెకు, ఒకరు అమెరికాకు వెళ్లిపోయి ఉంటారు. అందరి చిరునామా పుట్టింటిదే ఇచ్చేసి, ఆ ఇంట్లో ఉన్న అన్న చేత అందరి తరఫునా సంతకం పెట్టించుకుని అమీనా వస్తాడు. చెల్లెలు ఆ ఇంట్లో ఉండటం లేదు కాబట్టి ‘కలిసి ఉంటున్న’ కుటుంబ సభ్యుడనే షరతు అక్కడే పోయింది. పైగా ఆ అన్న వాటాకూ చెల్లెలి వాటాకూ పోటీ ఉన్న కేసది. ఇలా వచ్చిన ప్రిలిమినరీ డిక్రీ (వాటాలు తేల్చే తొలి ఉత్తర్వు) పదేళ్ల తర్వాత కూలినా ఆశ్చర్యపోనక్కర్లేదు. వారసుల్లో ఎవరైనా దావాకు ముందే చనిపోయి ఉంటే పరిస్థితి ఇంకా ఘోరం. చనిపోయినవాళ్ల మీద వేసిన దావా వాళ్ల వరకు చెల్లదు.

ఇవేవీ ఫలించకపోతే వాడే ఆఖరి ఆయుధం రూల్ 20, అంటే ప్రత్యామ్నాయ సర్వీసు. అందరికీ తెలిసింది ‘పేపర్ పబ్లికేషన్’. ప్రతివాది కావాలని తప్పించుకుంటున్నాడనో, మరే కారణం వల్లో మామూలు పద్ధతిలో సమన్లు ఇవ్వడం కుదరదనో కోర్టుకు నమ్మకం కలగాలి. అప్పుడు కోర్టు ఆవరణలోనూ, ప్రతివాది చివరిగా నివసించిన లేదా పనిచేసిన చోటా అంటించమనవచ్చు, పత్రికలో వేయమనవచ్చు. ఆ పత్రిక అతను చివరిగా ఉన్న ప్రాంతంలో చదివేదై ఉండాలి. మారతహళ్లి చిరునామాకు కన్నడ దినపత్రిక సరిపోతుంది. మనిషి కడప జిల్లాలో ఉన్నాడని వాదికే తెలిసినప్పుడు బెంగళూరు కన్నడ పేపరులో వేసి చేతులు దులుపుకుంటే అది లాంఛనమే. అలాంటప్పుడు జిల్లా ఎడిషన్ ఉన్న తెలుగు పత్రికలో కూడా వేయిస్తామని వాదే అడగాలి. ఖర్చు కాస్త పెరుగుతుంది, ఫైలు గట్టిపడుతుంది.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఒక కవరు తిరిగిరాగానే రూల్ 20 దరఖాస్తు వేసేస్తారు. 2018లో నీర్జా రియల్టర్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ తొందరను తప్పుపట్టింది. ఇచ్చిన చిరునామాలో ప్రతివాది కంపెనీ లేదని బైలిఫ్ (అమీనా) రాశాడు. తలుపుకు అంటించలేదు, ప్రత్యామ్నాయ సర్వీసు ఎందుకు అవసరమో ట్రయల్ కోర్టు తన సంతృప్తిని సరిగా నమోదు చేయలేదు, పత్రికలో ప్రకటన మాత్రం వచ్చేసింది. ప్రతివాది రాకుండానే ఇచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీ పోయింది. 2011 నాటి పరిమళ్ కేసు దీనికి రెండో ముఖం. అక్కడ రిజిస్టర్డ్ నోటీసు తీసుకోకుండా తిప్పి పంపారు, ఇతర ప్రయత్నాలు నమోదయ్యాయి, తర్వాతే పత్రికా ప్రకటన వచ్చింది. హైకోర్టు రద్దుచేసిన ఎక్స్‌పార్టీ డిక్రీని సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. రెండు కేసుల్లోనూ పేపరు ప్రకటన ఉంది. దానికి ముందున్న కాగితాల్లోనే తేడా.

ఇంకో మెలిక ఉంది. ప్రత్యామ్నాయ సర్వీసు స్వయంగా ఇచ్చినదానితో సమానమని రూల్ 20 రెండో భాగం చెబుతుంది. దాన్ని నమ్ముకుని వాది హాయిగా డిక్రీ తీసుకుంటాడు. ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని అడగడానికి లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ ఇచ్చిన గడువు 30 రోజులు. సమన్లు సక్రమంగా అందినవాడికి ఆ లెక్క డిక్రీ తేదీ నుంచి, అందనివాడికి డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి. ఆ ఆర్టికల్ కిందే ఒక వివరణ ఉంది: ఈ లెక్క వరకు రూల్ 20 కింద చేసిన ప్రత్యామ్నాయ సర్వీసును సక్రమంగా అందినట్టు భావించకూడదు. ఒక చట్టం సమానమంది, ఇంకో చట్టం గడువు లెక్కలో కాదంది. పేపరు ప్రకటన మీద వచ్చిన డిక్రీకి ఎదురుగా, మూడేళ్లకైనా అయిదేళ్లకైనా ‘నాకు నిన్ననే తెలిసింది’ అంటూ వచ్చే తలుపు అలా తెరిచే ఉంటుంది. లోపలికి వచ్చినంత మాత్రాన గెలిచినట్టు కాదు, కానీ వాది మళ్లీ పోరాడాలి. తొందరపడి రూల్ 20కి పరిగెత్తడం ఎందుకు తెలివితక్కువో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఆ తలుపును వాది మూయగలిగేది ఒక్క చోట. ఆర్డర్ 9 రూల్ 13లోని నిబంధన ప్రకారం, ప్రతివాదికి విచారణ తేదీ తెలుసనీ, వచ్చి జవాబు చెప్పుకునేంత సమయం ఉందనీ తేలితే, సర్వీసులో చిన్నచిన్న లోపాలున్నాయన్న ఒక్క కారణంతో డిక్రీని రద్దు చేయకూడదు. కాబట్టి ప్రతివాదికి కేసు సంగతి తెలుసని చూపించే ప్రతి ముక్కా విలువైనదే. ‘కోర్టులో చూసుకుందాంలే’ అని అతను పంపిన వాట్సాప్ మెసేజ్, వాయిదా తేదీ రాసి పంపిన ఈమెయిల్‌కు వచ్చిన జవాబు, ఊళ్లో పెద్దమనుషుల దగ్గర రాజీకి కూర్చున్నప్పటి కాగితం, ఇవన్నీ పనికొస్తాయి. ఫోనులో ఉన్నవాటికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు.

వాట్సాప్ గురించి అపోహలు చాలా ఉన్నాయి. కోవిడ్ సమయంలో, 2020 జులై 10న సుప్రీంకోర్టు ఈమెయిల్‌తో పాటు వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ ద్వారా కూడా నోటీసులు పంపవచ్చంది. అదే రోజు ఈమెయిల్ కూడా పంపాలని షరతు పెట్టింది. అంతకుముందే, 2018లో, బాంబే హైకోర్టు ఒక కేసులో పీడీఎఫ్ చేరడమే కాక తెరిచినట్టు కూడా గుర్తులు చూపిస్తున్నాయని నోటీసు అందినట్టే లెక్కగట్టింది. ఇవి చూసి నీలం టిక్కులుంటే చాలనుకోవడం పొరపాటు. ఆర్డర్ 5లో ఈమెయిల్ పేరు ఉంది, వాట్సాప్ పేరు లేదు. కోర్టు అనుమతి తీసుకుని, మామూలు పద్ధతులకు అదనంగా వాడితే అది బలం. వాటి బదులుగా వాడితే అవతలివాళ్లకు వాదన దొరుకుతుంది. క్రిమినల్ కేసుల్లో పోలీసులు హాజరు కమ్మంటూ ఇచ్చే నోటీసులను వాట్సాప్‌లో పంపవద్దని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, అది వేరే సంగతి. ‘డిజిటల్ అరెస్ట్’ మోసగాళ్ల పుణ్యమా అని వాట్సాప్‌లో వచ్చిన అసలు సమన్లను కూడా జనం నమ్మడం లేదు. ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరును ఈ-కోర్టుల సైటులో కొట్టి చూస్తే కేసు నిజమో కాదో నిమిషంలో తెలుస్తుంది. పేరు పెట్టి వెతికినా దొరుకుతుంది.

ప్రతివాది కంపెనీ అయితే పని సులువు. రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా కంపెనీ వ్యవహారాల శాఖ సైటులో ఉంటుంది, అక్కడికి పంపితే చాలు. మనిషి విదేశంలో ఉంటే రూల్ 25 కింద పోస్టు, కొరియర్, ఈమెయిల్ దారులున్నాయి. హేగ్ సర్వీసు ఒప్పందంలో అమెరికా, భారత్ రెండూ ఉన్నాయి కాబట్టి ప్రభుత్వాల ద్వారా వెళ్లే అధికారిక దారీ ఉంది. దానికి నెలలు పడుతుంది.

తప్పించుకుని తిరగడం వల్ల ప్రతివాదికి ఒరిగేది చాలామంది అనుకునేదానికన్నా తక్కువ. పరారీలో ఉన్నాడనీ, ఆస్తులు అమ్ముకుంటున్నాడనీ వాది చూపించగలిగితే ఆర్డర్ 38 కింద తీర్పుకు ముందే ఆస్తి జప్తు అడగవచ్చు. ఎక్స్‌పార్టీ అయినంత మాత్రాన వాది ఆటోమేటిగ్గా గెలవడు, రుజువులు చూపాల్సిందే. అయితే ఎదురు ప్రశ్నించేవాళ్లు లేని సాక్ష్యం ఎంత నున్నగా నడుస్తుందో చెప్పక్కర్లేదు. డిక్రీ చేతికొచ్చాక అమలుకు 12 ఏళ్ల గడువుంటుంది. ఉద్యోగస్తుడైతే అతని ఇంటి చిరునామాతో వాదికి పనే లేదు, జీతమిచ్చే కంపెనీ తెలిస్తే చాలు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి వెయ్యి రూపాయలూ, మిగతాదానిలో మూడింట రెండు వంతులూ వదిలేసి, మిగిలిన భాగాన్ని జప్తు చేయవచ్చు. ఒక డిక్రీ కింద ఇది మొత్తం 24 నెలల దాకా నడుస్తుంది.

బెంగళూరులో చాలామందికి తమ మీద డిక్రీ ఉందని మొదట చెప్పేది కంపెనీ హెచ్‌ఆర్. కోర్టు ఉత్తర్వు జతచేసి వచ్చిన ఆ మెయిల్ తేదీయే ‘తెలిసిన రోజు’ అని వాది వాదిస్తాడు, 30 రోజుల లెక్క అక్కడి నుంచి పడుతుంది. ఈలోగా వకాల్తా వేసి, సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టి, పాత ఫైలులో అమీనా రిపోర్టూ, తిరిగొచ్చిన కవర్లూ ఎలా ఉన్నాయో లాయరు చేత చూపించుకోవాలి. డిక్రీ రద్దు కోరుతూ వేసే ఆర్డర్ 9 రూల్ 13 పిటిషన్ ఒప్పుకున్నా, ఖర్చులు కట్టమనో, డిక్రీ సొమ్ములో కొంత ముందే డిపాజిట్ చేయమనో షరతు పెట్టే అధికారం కోర్టుకుంది.